మూరెడు గొట్టం

"ఎత్తు," అన్నాడు బాబా.

వీరవెంకటసత్యనారాయణ తుపాకీ ఎత్తాడు.

"భుజానికి ఆనించు. మోచెయ్యి వాల్చకు. ఊఁ, ఇప్పుడు చెప్పు. ఎలా ఉంది?"

"తకీల్, బాబా. చాలా బరువు," అని నుదుటి మీద లేని చెమటని మోచేత్తో తుడుచుకున్నాడు.

అబుదాబీలోని ఆ వేట సామాన్ల కొట్టులో ఏసీ ఎంత గట్టిగా వేశారంటే, గోడకి తగిలించిన కొమ్ముల దుప్పి తలక్కూడా జలుబు చేసేలా ఉంది. అలాంటి చోట చెమట తుడుచుకుంటున్న మనిషిని చూసి కౌంటరు వెనకున్న జిలానీ బాషా ఒక కనుబొమ్మ పైకెత్తాడు. ఆయనది రాయచోటి. కొనవచ్చిన వాళ్లకి తుపాకులు చూపించడం ఉద్యోగం. ఈ పూటంతా గోడ మీంచి ఒక్కొక్క తుపాకీ దించి ఈ డ్రైవరు చేతికివ్వడం, మళ్లీ తీసుకెళ్లి గోడకెక్కించడం తప్ప ఇంకో పని లేకపోయింది ఆయనకి.

కొనేవాడు మాత్రం డ్రైవరు కాదు, బాబా. హమద్ బాబాకి డెబ్బై దగ్గరపడ్డాయి. బనియాస్‌లో పెద్ద విల్లా, ఎడారిలో ఒంటెల మంద, ఏటా చలి మొదలయ్యే ముందు స్నేహితులతో కలిసి కిర్గిజ్ కొండలకి వెళ్లి కొండమేకని కొట్టి రావడం ఆయన వైభవం. అంతటి వేటగాడు ఇవాళ ఒక్క తుపాకీనీ ముట్టుకోలేదు. సోఫాలో కూర్చుని ఎడంచేత్తో గహ్వా కాఫీ తాగుతూ ఆజ్ఞలు ఇస్తున్నాడు. కుడిచెయ్యి మాత్రం, ఎవరో కాసేపు చూస్తూండమని ఇచ్చి వెళ్లిన వస్తువులా, ఒళ్లో ఉంది.

ఆ చెయ్యి సంగతి వీరవెంకటసత్యనారాయణకి తెలుసు. వేసవిలో ఒంటెల తొట్టి దగ్గర జారిపడి బాబా కుడి భుజం విరిగింది. ఆపరేషన్ చేసి లోపల ప్లేటు పెట్టారు. ఇంటి బయటివాళ్లకి మాత్రం రొమ్ము పడిశమని చెప్పారు. వేటలో బాబాకి ఎప్పుడూ పోటీపడే అబూ సాలెం కూడా ఈ కొట్లోనే కొంటాడు. బాబా ఇక్కడ ఒక్క తుపాకీ ఎత్తబోయి "అబ్బా" అన్నాడంటే, కప్పులో గహ్వా చల్లారేలోగా ఆ కబురు అబూ సాలెంకి చేరిపోతుంది. అందుకే డ్రైవరు భుజం అరువు తెచ్చుకున్నాడు.

ఆ డ్రైవరు పూర్తి పేరుని ఆ ఇంట్లో పలికినవాళ్లు లేరు. చేరిన మొదటి రోజున బాబా ఆ పేరుని నోట్లో వేసుకుని కాసేపు నమిలి, ముందు ముక్క ఉంచుకుని తక్కింది వదిలేశాడు. అప్పటినుంచీ అతను వీర. బల్లి పడితే గది మారే మనిషికి అంతకన్నా నప్పని పేరు దొరకదని వంటింట్లో పేరమ్మ అంటూంటుంది.

వీర చెమట తుడుచుకోవడానికి కారణం కార్లోనే పుట్టింది. మఫ్రఖ్ దగ్గర సిగ్నల్లో ఆగినప్పుడు బాబా వెనక సీట్లోంచి, వాతావరణం గురించి చెప్పినంత మామూలుగా, "ఈసారి నువ్వూ వస్తున్నావు. కొండ మీద నా వెంటే ఉండాలి," అన్నాడు.

"ఆయ్," అన్నాడు వీర.

అది గోదావరి జిల్లాల్లో పెద్దవాళ్లకి చెప్పే "అలాగేనండి". అరబ్బీలో మాత్రం దెబ్బ తగిలితే అనే మాట. కొత్తలో బాబా ఏ పని చెప్పినా ఈ మనిషి నొప్పితో మూలుగుతున్నాడనుకుని ఒకసారి క్లినిక్కుకి కూడా పంపించాడు. ఇప్పుడు అలవాటైపోయింది.

సిగ్నల్ పచ్చబడింది గానీ వీర మనసు అక్కడే ఆగిపోయింది. బాబాకి భుజం లేదు. వెంట ఉండేది తను. మరి తుపాకీ ఎవరి మీద ఎక్కుతుంది? అంబాజీపేట పక్క ఊళ్లో పుట్టిన మనిషి అతను. అతనికి తెలిసిన ఎత్తల్లా కాలవగట్టు. ఏ దేవుడి పేరు పెట్టుకున్నాడో ఆ దేవుడి అన్నవరం కొండ కూడా బస్సులోనే ఎక్కాడు. వస్తావా అని బాబా అడగలేదు. మొయ్యగలవా అని అంతకన్నా అడగలేదు. అడగనివాళ్లకి జవాబెలా చెప్పడం? కొట్టు మెట్లెక్కేలోపు వీర ఒక నిర్ణయానికి వచ్చేశాడు. బాబా ఏం కొన్నా సరే, కొట్టులో అన్నిటికన్నా తేలికైనదే కొనాలి.

అందుకే బరువైన తుపాకీ చేతికొస్తే మూలిగాడు. పొడుగైనది చేతికొస్తే దాని మొనని దుప్పి తలకి తగిలించి, "చూశారా బాబా, కొమ్మలకి పట్టేస్తుంది," అన్నాడు. చెక్క పిడిది వస్తే అరచెయ్యి దురద పెడుతోందన్నాడు.

"ఏమన్నా, తుపాకీ కొనను వచ్చినావా, గంప మొయ్యను వచ్చినావా?" అని జిలానీ బాషా తెలుగులో గొణిగాడు.

వీర ఉలిక్కిపడి, పట్టుబడ్డ దొంగలా నవ్వాడు. "తెలుగోరా? అయితే ఓ మాట అన్నయ్యా, మీ కొట్లో అన్నిటికన్నా తేలికైంది ఏదో అది తీసుకురా. మిగతాది నేను చూసుకుంటాను."

జిలానీ బాషా లోపలికి వెళ్లి, భుజానికి ఆనించే చోట బూడిదరంగు ప్లాస్టిక్ మడమ ఉన్న పొట్టి తుపాకీ ఒకటి తెచ్చాడు. గొట్టం మూరెడు. వీర చేతిలోకి తీసుకుని ఆశ్చర్యపోయాడు. పెద్ద పులస చేపంత ఉంది బరువు. ఇలాంటిదాన్ని చంకలో పెట్టుకుని పాటలు పాడుకుంటూ కొండ ఎక్కేయొచ్చు.

"ఖఫీఫ్!" అని కేకపెట్టాడు. "బాబా, గాలి! గాలిని పట్టుకున్నట్టుంది!"

బాబాకి మాత్రం ముఖం వెలగలేదు. విరిగిన భుజం కోసం తేలిక కావాలని వచ్చినవాడే గానీ, ఇంత పొట్టిదాన్ని చూస్తే అబూ సాలెం ఏమంటాడు? పోయినేడు అతను తన పొడుగు తుపాకీ వీడియో పెడితే దేశమంతా చూసింది. ఆలోచించి ఆలోచించి బాబా ఒక ఉపాయం కనిపెట్టాడు.

"తుపాకీ చిన్నదైతే ఏం? తూటా పెద్దది వేద్దాం. దీంట్లోనే మాగ్నమ్ పట్టేది ఉందా?"

ఉంది. కొట్టు మేనేజరు, అదే ముదీర్, ఎన్నాళ్లనుంచో దాన్ని వదిలించుకోవాలని చూస్తున్నాడు. ఆ మాట వినగానే తన గదిలోంచి చిరునవ్వుతో బయటికొచ్చి జిలానీ బాషా వెనకే నిలబడ్డాడు. జిలానీ బాషా బొటనవేలంత లావున్న తూటా ఒకటి తీసి బల్ల మీద నిలబెట్టాడు. ముఖం బాబా వైపు పెట్టి నవ్వుతూనే, మాటలు వీర వైపు తెలుగులో విసిరాడు.

"ఇది వద్దని చెప్పన్నా. గన్ను తేలికైతే తన్ను గట్టిగుంటాది. గొట్టం పొట్టి గదా, మందు లోపల కాలను టైముండదు, బయటికొచ్చి కాల్తాది. మంట, మోత, అంతే. పేల్చినోని భుజం పోతాది. మా ముదీర్ ఈడే ఉండాడు, నేను చెప్పలేను. నువ్వు చెప్పు."

"ఏమంటున్నాడు?" అన్నాడు బాబా.

వీర చేతిలో పొట్టి తుపాకీ పసిపిల్లలా ఒదిగి ఉంది. తన్నేది పేల్చేవాణ్ణి కదా, మోసేవాణ్ణి కాదు కదా, అనుకున్నాడు.

"చాలా మంచిదంటున్నాడు, బాబా."

జిలానీ బాషా కళ్లు మూసుకుని తెరిచాడు.

"జెయిన్, మంచిది," అన్నాడు బాబా. "గురువారం వచ్చి పేల్చి చూసి తీసుకుంటాను."

మర్నాడు మధ్యాహ్నం పేరమ్మ వంటింట్లో షేరీ చేపలు తోముతోంది. రాజోలు మనిషి. ఇంటి యజమానులకి బిర్యానీ వండేశాక, తమ ఇద్దరికీ పులుసు పెట్టుకోవడం ఆమె దినచర్య. కిటికీలోంచి చూస్తే వెనకవైపు మెట్ల మీద వీర భుజాన బియ్యం సంచీ వేసుకుని పైకి ఎక్కుతున్నాడు. ఎక్కి, దిగి, మళ్లీ ఎక్కుతున్నాడు.

"ఒరేయ్ సత్తిబాబూ! ఆ బియ్యం ఎక్కడికి మోసుకెల్తన్నావురా?"

"ఎక్కడికీ లేదు పిన్నీ. కొండ ఎక్కడం నేర్చుకుంటన్నాను," అని గుమ్మంలో కూలబడి ఊపిరి పీల్చుకున్నాడు. తుపాకీ కథంతా చెప్పాడు. తను నుదురు తుడుచుకున్న తీరు నటించి మరీ చూపించాడు. జిలానీ బాషా మాటని తను ఎలా తిప్పేశాడో చెప్పి, మెచ్చుకోలు కోసం చూశాడు.

పేరమ్మ మెచ్చుకోలేదు. చేప తోక పట్టుకుని ఆగిపోయింది.

"అది తంతాదని ఆ సాయిబు చెప్పాడా?"

"చెప్పాడు."

"బాబా భుజాన్నే తంతాది కదా?"

"ఆయన పేల్చేది ఒక్కసారే కదా పిన్నీ. నేను రోజంతా మొయ్యాలి."

"పొద్దున డాక్టరిచ్చిన ఆ రబ్బరు తాడు పట్టుకుని లాగుతూ ఎలా పళ్లు కొరుకుతాడో నువ్వు చూడవేంటి? నిన్న టీ కప్పు అందుకోలేక ఎడంచేత్తో తీసుకున్నాడు. వాళ్లావిడ మామా చూడకుండా అటు తిరిగి తాగాడు." చేపని నీళ్లలో వేసింది. "మొయ్యలేకపోతే మొయ్యలేనని చెప్పాలి. అంతేగానీ ఆ మనిషి భుజం తాకట్టు పెట్టేత్తావా?"

"చెప్తే పంపించేత్తాడేమో."

"చెప్పి చూశావా?"

 ఆ పూట వీర పులుసు బాగుందనలేదు, బాగులేదనీ అనలేదు. పేరమ్మ అడిగినా అడక్కపోయినా పులుసు గురించి ఒక మాట అనకుండా కంచం ముందునుంచి లేవడం అతనికి అదే మొదలు.

గురువారం తుపాకీ పేల్చి చూసే హాల్లో, బల్ల మీద ఇసుక సంచీ, దాని మీద పొట్టి తుపాకీ, పైన దుర్భిణీ బిగించి సిద్ధంగా ఉన్నాయి. దూరంగా గుండ్రాల కాగితం వేలాడుతోంది. బాబా చెవులకి మోత ఆపే మూతలు తగిలించుకుని, తీరిగ్గా చుట్టూ చూసి అన్నాడు:

"ముందు నువ్వు పేల్చు."

"నేనా?"

"దీన్ని మెచ్చుకుంది నువ్వే కదా. యల్లా, కానియ్."

"ఆయ్," అన్నాడు వీర. ఈసారి ఆ మాట సగం దాకానే వచ్చింది.

అక్కడి శిక్షకుడు అతన్ని స్టూలు మీద కూర్చోబెట్టి, చెవులకి మూతలు తగిలించి, మడమని భుజానికి ఆనించి, వేలు ఎక్కడ పెట్టాలో చూపించాడు. "కన్ను దూరం పెట్టన్నా, ఇంకా దూరం," అని వెనకనుంచి జిలానీ బాషా చెబుతూనే ఉన్నాడు. కానీ చెవులు మూసుకుపోయిన వీరకి ఏమీ వినపడలేదు. కాగితం బాగా కనపడాలని కన్ను ఇంకా దగ్గరికి జరిపాడు. మనసులో సత్యదేవుణ్ణి తలుచుకుని వేలు నొక్కాడు.

తుపాకీ పేలిందో తనే పేలాడో తెలియలేదు. మూరెడు గొట్టం చివర బారెడు మంట లేచింది. గాడిద తన్నినట్టు భుజం అదిరిపోయింది. దుర్భిణీ అంచు వచ్చి కనుబొమ్మ మీద కరిచింది. స్టూలు ఒక వైపు, వీర ఒక వైపు పడ్డారు. కాగితం మాత్రం ప్రెస్సులోంచి అప్పుడే వచ్చినంత శుభ్రంగా ఉంది.

"ఆయ్!" అన్నాడు వీర నేల మీంచి.

బాబా వంగి చూశాడు. "ఇది అవునన్న 'ఆయ్'యా, నొప్పి 'ఆయ్'యా?"

"రెండూను, బాబా."

శిక్షకుడు దూది తెచ్చి కనుబొమ్మకి అద్దాడు. పెద్ద దెబ్బేం కాదు, ఈ చిన్న తుపాకీలతో కొత్తవాళ్లకి ఇలా అవుతూనే ఉంటుందన్నాడు. బాబా స్టూలు లేపి నిలబెట్టి, దాని మీద కూర్చున్నాడు. అప్పుడు వీర చూశాడు. బాబా ఎడంచేత్తో తన కుడిచేతి మణికట్టుని పట్టుకుని, పక్కవాడి చేతిని ఎత్తినట్టు ఎత్తి, బల్ల మీద పెట్టుకుంటున్నాడు. ముఖంలో ఏమీ తెలియనివ్వకుండా పెదవులు బిగించాడు. వీరది కండ పట్టిన భుజం. అదే నిప్పులా మండుతోంది. ఆ ప్లేటు పెట్టిన భుజం ఏమవుతుంది?

బాబా వేళ్లు పిడి దాకా వెళ్లేలోగా వీర లేచి వచ్చి తుపాకీ మీద చెయ్యి వేశాడు.

"లా, బాబా."

ఆ ఇంట్లో చేరినప్పటినుంచీ బాబాకి అతను చెప్పిన మొదటి "కాదు" అదే. చెప్పినవాడూ, విన్నవాడూ ఇద్దరూ ఆశ్చర్యపోయారు.

"చెయ్యి తియ్యి, వీర."

"తియ్యను బాబా. ఇది మంచిది కాదు. నేను అబద్ధం చెప్పాను." రోజూ బాబాతో మాట్లాడే హిందీ ఎటో పోయి, చేతులు మాత్రం మిగిలాయి, ఒక చెయ్యి తుపాకీ మీంచి తియ్యడానికి లేదు గనక రెండో దానితోనే చెప్పుకొచ్చాడు. "కొండ మీద మోసేది నేనే కదా. బరువు తగ్గాలని మంచివన్నీ నేనే కాదనిపించాను. ఇది గట్టిగా తంతుందని ఈయన ఆ రోజే చెప్పాడు. మీకు నేను చెప్పలేదు."

బాబా మెల్లగా జిలానీ బాషా వైపు తిరిగాడు. జిలానీ బాషా తూటాల పెట్టె మీద చిన్నక్షరాలు శ్రద్ధగా చదువుతున్నాడు.

"నువ్వు చెప్పావా?"

"చెప్పినాను సార్," అన్నాడు జిలానీ బాషా. "తెలుగులో చెప్పినాను."

 వీర తన సూట్‌కేసు మంచం కింద ఏ మూలకి ఉందో గుర్తు చేసుకుంటున్నాడు.

"తుపాకీ నువ్వు మోస్తావని ఎవరు చెప్పారు?" అన్నాడు బాబా చివరికి.

"మీరే కదా బాబా, వెంటే ఉండమన్నారు."

"వెంట ఉండమన్నాను. మొయ్యమన్నానా? అక్కడ గుర్రాలు ఉంటాయి. తుపాకీ, గుడారం, నీళ్లు, అబూ సాలెం పొట్ట, అన్నీ గుర్రాలే మోస్తాయి."

వీర నోరు తెరుచుకుంది. బియ్యం సంచీతో మెట్లెక్కిన మోకాళ్లు ఆ క్షణంలోనే మళ్లీ నొప్పెట్టాయి. "మరి నేనెందుకు, బాబా?"

బాబా శిక్షకుడి వైపు చూశాడు, జిలానీ బాషా వైపు చూశాడు. దాచడానికి ఇంకేం మిగల్లేదని తోచిందేమో, కుడిచేతిని మళ్లీ ఒళ్లోకి దించుకున్నాడు.

"పొద్దున్నే ఈ చేతిని చొక్కాలోకి ఎవరు దూరుస్తారు? అబూ సాలెంని పిలవమంటావా?"

 వీర రోజూ పొద్దున్నే కారు తుడిచాక, కారు తుడిచినంత మామూలుగా చేసే పని అది. ముందు కుడి చెయ్యి, తర్వాత ఎడమ చెయ్యి, తర్వాత గుండీలు. దానికోసం ఒక మనిషిని దేశాలు దాటించి తీసుకెళ్తారని అతను ఎన్నడూ అనుకోలేదు. తుపాకీ మీంచి చెయ్యి తీసి, మళ్లీ వేసి, మళ్లీ తీశాడు.

జిలానీ బాషా గొంతు సవరించుకున్నాడు. "సార్, బాగాలేంది కుడి భుజమేనా? ఎడమది బాగుండాదా?"

"ఎడమది గుర్రం," అన్నాడు బాబా.

"ఆ మాట మొన్ననే చెప్పి ఉంటే..." అని ఆగి, మర్యాద గుర్తొచ్చి తక్కింది మింగేసి, జిలానీ బాషా చరచరా లోపలికి వెళ్లాడు. తిరిగొచ్చినప్పుడు ఆయన చేతిలో ఇంకో పొట్టి తుపాకీ ఉంది. దీని గొట్టమూ మూరెడే. కాని మడమకి దళసరి రబ్బరు మెత్త ఉంది. తూటా లాగి తోసే పిడి కుడివైపున కాక ఎడమవైపున ఉంది. ఎడంచేతి వాటం వాళ్ల కోసం చేసింది. అడిగేవాళ్లు లేక స్టోరు గదిలో అట్టపెట్టెలో పడుంది. తూటా కూడా సన్నది. "కొండమేకకి ఇది చాలు సార్. తన్నదని చెప్పను. నెడ్తాది, అంతే," అన్నాడు. ఈసారి అది హిందీలోనే చెప్పాడు.

"బరువెంత?" అని వీర నోరు జారాడు. అందరూ తన వైపు తిరిగేసరికి నాలిక కరుచుకున్నాడు.

బాబా ఎడమ భుజానికి మడమ ఆనించుకున్నాడు. ఎన్నో ఏళ్ల వేటగాడు మొదటిరోజు బడికొచ్చిన పిల్లాడిలా తడుముకున్నాడు. ఏ కన్ను మూయాలో తెలియక రెండూ మూశాడు. మొదటి గుండు పక్కవాళ్ల కాగితానికి తగిలింది. రెండోది ఎక్కడికి పోయిందో ఎవరికీ తెలియలేదు. మూడోది తన కాగితం మూలని, గుండ్రం ఏదీ లేని చోట, చిన్న చిల్లు పెట్టింది. బాబా తుపాకీ దించి ఆ చిల్లుని చాలాసేపు చూసుకున్నాడు. కుడి భుజం కదపకుండా, ఎడమ భుజాన్ని ఒక్కదాన్నే ఎగరేసి నవ్వాడు.

"ఖలాస్. ఇదే," అన్నాడు. జిలానీ బాషాకీ, శిక్షకుడికీ పెదవుల మీద వేలు పెట్టి చూపించాడు.

ఇంటికొస్తుంటే దారి పొడుగునా బాబా హుషారుగానే ఉన్నాడు. కుడిచేత్తో కొట్టీ కొట్టీ విసుగెత్తి, ఈ ఏడు ఎడంచేత్తో వేటాడుతున్నానని అబూ సాలెంతో చెబుతానన్నాడు. అది విని వాడు కూడా ఎడంచేత్తో ప్రయత్నించి నవ్వులపాలు అవుతాడన్నాడు. వీర కనుబొమ్మ సంగతి మామా అడిగితే కారు తలుపు తగిలిందని చెప్పమన్నాడు. అన్నిటికీ వీర "ఆయ్" అన్నాడు. తర్వాత, తుపాకీ బెంగ తీరిన మనసులోకి కొత్త బెంగ ఒకటి మెల్లగా తొంగిచూసింది.

"బాబా, తుపాకీ గుర్రం మీద వస్తుంది. మరి నేను?"

"నువ్వూ గుర్రం మీదే."

వీర అద్దంలోంచి వెనక్కి చూశాడు. బాబా ఎగతాళి చేయడంలేదు.

"నేను గుర్రం ఎప్పుడూ ఎక్కలేదు, బాబా."

"ఎక్కడం నీ పని. మొయ్యడం దాని పని." బాబా సీటుకి ఆనుకుని, వీర భుజాల కేసి, సీటు బెల్టు మీంచి పొంగిన పొట్టకేసి తీరిగ్గా చూశాడు. "పాపం, అది కూడా ఇప్పుడు అల్లాని అడుగుతూ ఉంటుంది, ఈసారి తేలికైనవాణ్ణి పంపించమని."

ఆ సాయంత్రం వంటింట్లో పేరమ్మ కనుబొమ్మకి పసుపు పెడుతూ కథంతా విన్నది. "చెప్తే పంపించేత్తాడన్నావు?" అంది. వీర తల దించుకుని పులుసు అద్భుతంగా ఉందన్నాడు. రెండోసారి అన్నం పెట్టబోతే కంచానికి చెయ్యి అడ్డం పెట్టాడు.

పేరమ్మ గరిటె గాల్లో ఆగిపోయింది. ఇన్నేళ్లలో ఆ కంచానికి ఆ చెయ్యి అడ్డం రావడం ఆమె చూడలేదు.

"ఏంట్రా? దెబ్బ లోపలకంటా తగిలిందేంటి? ఎవరి కోసంరా ఈ ఉపోషం?"

"గుర్రం కోసం పిన్నీ," అన్నాడు వీరవెంకటసత్యనారాయణ, కూరగిన్నె వైపు చూడకుండా.